బావ చెయ్యి

ముందు చక్రం వంకరపోయిన సైకిల్ పక్కనే, కాలిబాట అంచున కూర్చుని మోచేతి రక్తం తుడుచుకుంటున్నాడు బావమరిది. ముందు వెళ్ళిపోయిన బావ సైకిల్ తిప్పుకుని వచ్చాడు.

“దెబ్బ గట్టిగా తగిలిందా?”

“చర్మం లేచింది, అంతే. చక్రమే పోయింది.”

“ఈ రోడ్లేసేవాళ్ళని అనాలి. తవ్వి పోతారు, మళ్ళీ పూడ్చే దిక్కుండదు.”

“రోడ్డు సంగతి సరే బావా. గుంతొస్తే వెనక్కి చెయ్యి చూపిస్తావు కదా నువ్వు?”

“చూపిస్తాను.”

“నాలుగేళ్ళుగా నీ చెయ్యి చూసుకునే తొక్కుతున్నాను. రోడ్డు వంక చూడటమే మానేశాను.”

“ఏదో పరధ్యానంలో ఉన్నానురా.”

“పరధ్యానంలో ఉన్నవాడివి పక్కకెలా తప్పుకున్నావు? నేను చూశాను.”

బావ నీళ్ళ సీసా అందించాడు. అతను అందుకోలేదు. సీసా మూత బిగిస్తూ బావ అన్నాడు.

“పోయిన వారం ఎత్తు ఎక్కేటప్పుడు నన్ను దాటేశావు. ఇంటికెళ్ళి మీ అక్కకి కూడా చెప్పావు.”

“అవును, చెప్పాను. సంతోషం పట్టలేకపోయాను. నాకు తొక్కడం నేర్పింది బావేనని కూడా చెప్పాను.”

బావ ఆ వంకర చక్రం సైకిల్ని లేపి నిలబెట్టాడు.

“లేవరా. రేపట్నించి నువ్వే ముందు తొక్కు, నేను వెనకొస్తాను.”

“వద్దు బావా. నువ్వు వెనకుంటే నాకింకా భయం.”