తీసేసిన కాళ్లు

నెవాడా ఎడారి రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డు. పెట్టెలాంటి ఇంటిని వీపున మోస్తున్న పికప్ ట్రక్కు ముందు నిలబడి, ఒక ముసలాయన ఫోన్లో స్నేహితుడితో మాట్లాడుతున్నాడు.

“ఎక్కడి దాకా వచ్చావురా?”

“నీ వెనకాలే వస్తున్నా. ఏమైంది, గొంతు అంత మెత్తబడింది?”

“డీజిల్ పంపు పోయింది. ట్రక్కు తొట్టి లేపితే గానీ పంపు చేతికందదట. ముందు పైనున్న ఇల్లు దింపమంటున్నాడు మెకానిక్.”

“దానికేముంది. నాలుగు మూలలా కాళ్లలా ఉండే జాకీలు దించి, ఇంటిని వాటిమీద నిలబెట్టి, ట్రక్కు ముందుకు లాగెయ్. ఓహో, నువ్వు జాకీలు ఊడదీసి ఊళ్లోనే వదిలేసి బయల్దేరావు కదూ.”

“ప్రయాణంలో అవి దండగ బరువన్నాను.”

“మన ట్రక్కు ఇళ్లవాళ్ల క్లబ్బు విందులో బల్లెక్కి మరీ అన్నావు.”

“బల్ల కాదు, కుర్చీ.”

“జాకీలతో తిరిగేవాళ్లు గొడుగు వేసుకుని పడుకునే రకం అన్నావు.”

“అన్నాన్లే. ఆ నోటితోనే అడుగుతున్నా. నీ ఇల్లూ నా ఇల్లూ ఒకే కంపెనీవి, నీ జాకీలు నాకూ పడతాయి. ఒక్క పూట ఇచ్చి పుణ్యం కట్టుకో.”

ముసలాయన ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు.

“ఏరా, ఉన్నావా?”

“ఉన్నా. నా జాకీలు కూడా ఊళ్లోనే, రీనోలో మా గరాజులో ఉన్నాయి.”

“నువ్వెందుకు తీశావు?”

“నువ్వు తీయమన్నావని.”

“పెళ్లయిన దగ్గర్నుంచీ మా వెర్నా నా మాట ఒక్కటీ వినలేదు. పిల్లలు వినలేదు. చివరికి కుక్క కూడా వినలేదు. వాళ్లందరికీ ఉన్న బుద్ధి నీకేమైందిరా?”