చిట్టి బండికి కొత్త తోక

హలో… ఆ, నేనేరా బామ్మర్దీ, మీ బావని. భోజనం అయిందా?

…అయితే ఒక్క పది నిమిషాలు నాకివ్వు. ఆదివారం పూట మెకానిక్కుని కదిలించకూడదని తెలుసు. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నా…

లేదు లేదు, మీ అక్క బాగానే ఉంది. గుమ్మంలో నిలబడి నన్ను చూసి నవ్వుతోంది.

బండి. నీ మేనకోడలు చిట్టి బండి… ఆ, అదే… మెకానిక్కు కాదు, నేనే. నేనే చేస్తున్నా.

…అవును, అన్నాను. ఆ బండి ఈ గుమ్మం ఎక్కితే నేను దిగుతానన్నాను. ఆరు నెలలైంది. బండి ఎక్కింది, నేను దిగలేదు. ఇంక దెప్పకు.

ముందు విను. వెనక చక్రం మీద పొడుగ్గా మడ్‌గార్డు ఉంటుంది చూడు, నంబర్ ప్లేటు మోస్తూ తోకలాగా… ఆ, అది ఆ మధ్య వానలో ఏదో గుంతలో పడి పగిలింది. అప్పట్నుంచి ప్లేటుని తాడుతో కట్టుకుని తిరుగుతోంది పిల్ల. ఆన్‌లైన్లో ఏదో తెప్పించుకుంది. టెయిల్ టైడీ అట…

అదే. పొట్టి రేకు, దానికో చిన్న లైటు, అటొకటి ఇటొకటి ఇండికేటర్లు. పొడుగు తోక తీసేసి పొట్టి తోక పెట్టడం. వారం నుంచి ఆ డబ్బా టీవీ పక్కనే పడుంది. దానికి తీరికేదీ? పొద్దున్నే లేవగానే ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ల దగ్గర రక్తం తీసుకోవడం, ల్యాబులో ఇవ్వడం, మళ్లీ పరుగు. సరే, నేనే బిగించేద్దామనుకున్నా. ప్యాంటు పొడుగు తగ్గించడం లాంటిదే కదా. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదేగా…

నవ్వు. అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నవ్వండి.

…పాతది ఊడొచ్చింది. బోల్టులు నాలుగు. ఒకటి జారి లోపల ఎక్కడో పడింది, టకటకమంది, మళ్లీ కనపడలేదు… మూడుంటే చాలా? హమ్మయ్య.

ఆ. తర్వాత వైర్లు. కత్తిరించేశాను—

…ప్లగ్గా? ఏ ప్లగ్గు?

…సీటు కిందా?

…చేత్తో లాగితే ఊడొస్తుందా? కత్తిరించే పనే లేదా?

…అవును, నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడివే. అవును.

ఛ ఛ, గుడ్డ కత్తెర వైరుకి పెడతానా, మతి పోయిందా నీకు? దారాలు కత్తిరించే చిన్నది… సరే, అరవకు. ఇప్పుడు కలిపేశాను కదా.

చెప్తా రాసుకో. రాసుకోవడం లేదా? సరే, విను. లైటుకి బండి వైపు నుంచి మూడు వస్తున్నాయి. నలుపు, గోధుమ, మెంతి… పసుపు కాదురా. మెంతి. ఇంజన్లు నీకు తెలుసు, రంగులు నాకు చెప్పకు. కొత్త లైటువి నలుపు, ఎరుపు, పసుపు. నలుపుకి నలుపు, గోధుమకి ఎరుపు, మెంతికి పసుపు… కరెక్టేనా? చూశావా! మెలిపెట్టి టేపు చుట్టేశాను.

తాళం తిప్పితే లైటు వెలిగింది. ఇండికేటర్లు మాత్రం పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి… కొత్తవి కరెంటు తక్కువ తాగుతాయా? ప్రమాదం లేదుగా… తర్వాత చూద్దామంటావు. సరే.

అసలు గొడవ అది కాదు. బ్రేకు. బ్రేకు నొక్కితే వెనక లైటు వెలగట్లేదు.

…రెండూ నొక్కాను. చెయ్యీ నొక్కాను, కాలూ నొక్కాను. మీ అక్కని వెనక నిలబెట్టి వెలిగిందా అంటే, ‘ఎర్రగా శుభ్రంగా ఉంది’ అంటుంది. అది మామూలుగా వెలిగే లైటే. బ్రేకు నొక్కినప్పుడు భగ్గుమనాలి కదా, ఆ భగ్గు రావట్లేదు.

…చిట్టిని లేపనా? వద్దు. పడుకుని గంటైనా కాలేదు. సాయంత్రం డ్యూటీకి ఐదింటికి లేస్తుంది. ఈలోగా అయిపోవాలి.

…చెప్పలేదు. ఎలా చెప్తాను? మాటలుంటే కదా. ‘అమ్మా, నాన్నని అన్నానికి రమ్మను.’ ‘అమ్మా, నాన్న కళ్లజోడు ఇక్కడుందని చెప్పు.’ ఎదురుగా కూర్చునే ఉంటాను. ఒక్క బల్ల మీద ముగ్గురం తింటున్నాం, మీ అక్క మధ్యలో పోస్టుమాస్టరు.

తప్పు నాదే. కాదన్నానా? కొట్లో నలుగురు ఖాతాదారుల ముందు అన్నాను. బండి తాళం తెచ్చి బల్ల మీద పెట్టింది, నాన్నా నా సొంత సంపాదన అని. బాగుందమ్మా అంటే నా నోటి ముత్యాలు రాలిపోయేవా? ‘మీ పెదనాన్న దగ్గరికి దారి వెతుక్కుంటున్నావా’ అన్నాను. అందరూ వింటుండగా.

…ఊఁ. మీ అక్క నీకు చెప్పలేదా? చెప్పదులే. నా పరువని.

…ఏమో, లేచి చూసుకుని థ్యాంక్స్ చెప్తుందని కాదు. ఏమీ అనకపోయినా పర్లేదు. చూసుకుంటే చాలు.

సరే, చెప్పు. ఏం చెయ్యాలి… మెంతి వైరు దగ్గర టేపు విప్పి చూడాలా? అది పట్టుకోలేదంటావా. విప్పుతా. గట్టిగా చుట్టేశాను, గోటికి రావట్లేదు. బ్లేడు లోపల మిషను దగ్గరుంది. నువ్వు లైన్లోనే ఉండు, పెట్టెయ్యకు.

…ఆ, నడుస్తున్నా. ఏమే, నా బ్లేడు చూశావా? …నీతో కాదు బామ్మర్దీ, మీ అక్కతో. …సొరుగులోనా? సొరుగులో బటన్లే ఉన్నాయి… చాక్‌పీసులు… ఇదేంటి, నా పాత టేపు ఇక్కడుందా, ఊరంతా వెతికాను… బ్లేడు… ఆ, దొరికింది.

ఆగు.

ఆగు ఆగు. ఎవరో బండి స్టార్టు చేశారు.

…మన వరండాలోనే. ఏమే! ఏమే, చిట్టి గదిలో ఉందా? …తలుపు తీసుందేంటి? చిట్టీ! …చిట్టీ! ఆగమ్మా! ఆగు!

…వెళ్లిపోయింది. వెళ్లిపోయింది బామ్మర్దీ.

…తాళం బండికే ఉంది. నేనే వదిలాను. లైటు చూడ్డానికి తిప్పానుగా… మీ అక్క వంటింట్లో ఉంది, నేను సొరుగులో తల పెట్టాను. పైగది మెట్లు దిగి వెళ్లిపోయింది… ఏమంటున్నావే? …ల్యాబు నుంచి ఫోనొచ్చిందట. ఎవరికో అర్జెంటుగా రక్తం తీయాలట. ‘అమ్మా వెళ్తున్నా’ అని కేకేసిందట. నాకు వినపడలేదు. మీ అక్కకి వినపడింది, బండి పని అయిపోయిందేమో అనుకుంది.

కొత్త తోక చూసే ఉంటుంది. ఎవరో మెకానిక్కు బిగించాడనుకుని ఎక్కేసి ఉంటుంది.

నువ్వు చెయ్. దాని నంబరుకి నువ్వు చెయ్. నాది ఎత్తదు… నీ దగ్గర ఇంకో ఫోనుందిగా, దాన్నుంచి. నన్ను కట్ చెయ్యకు. ఏమే, నువ్వూ చెయ్!

…రింగవుతోందా?

…ఎత్తట్లేదు. ఎత్తదు. హెల్మెట్ పెట్టుకుంటే అది ఫోన్ ఎత్తదు. మంచి అలవాటే, నేనే నేర్పాలనుకున్నా, తనే నేర్చుకుంది… మళ్లీ చెయ్.

చెప్పులు లేవులే, అదొకటా ఇప్పుడు… వీధిలోకొచ్చా. కనపడట్లేదు. ఎటు తిరిగిందో కూడా తెలీదు.

…ఎలా వెళ్లను? నాకు సైకిలన్నా లేదు. ఎదురింటాయన కారు ఉంది, ఆయన లేడు. ఆటో… ఈ టైములో ఈ సందులోకి ఏ ఆటో వస్తుంది?

మబ్బు పట్టింది బామ్మర్దీ. చినుకు పడుతోంది. ల్యాబుకెళ్లాలంటే పెద్ద రోడ్డు ఎక్కాలి. లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తుంటాయి అక్కడ. ముందున్న బండి బ్రేకు వేసిందని వెనకున్నవాడికి ఎలా తెలుస్తుంది? ఆ ఎర్ర లైటు తప్ప ఇంకేం చెప్తుంది వాడికి?

…కంగారు పడొద్దంటావేంటి? మా అన్నయ్య సంగతి నీకు తెలియంది కాదు. వాడు తాగలేదు, స్పీడుగా పోలేదు. ముందు చూసుకునే నడిపాడు. గేదె అడ్డం వస్తే బండి ఆపాడు, అంతే; వెనక లారీ గుద్దేసింది. వెనక ఎవడు చూసుకుంటాడు? ఎవడి వీపు వాడికి కనపడుతుందా? నేను ఆసుపత్రికెళ్లేసరికే పోయాడు, చొక్కా ముందు భాగం ఒక్క మరక లేకుండా ఉంది. నేను కుట్టిన చొక్కా.

అందుకేరా బండి వద్దన్నాను. ఆడపిల్లని కాదు. అందరూ అదే అనుకున్నారు, అదీ అదే అనుకుంది. అన్నయ్య ఎలా పోయాడో దానికి నోరు తెరిచి చెప్పడం నాకు చేతకాలేదు. దేనికి భయపడ్డానో, ఇవాళ దాన్నే నా చేతులతో బిగించి ఇచ్చాను. బాగున్న లైటుని కత్తిరించి మరీ.

…ఎత్తలేదా? ఎన్నోసారి?

…నాలుగు. మీ అక్క ఆరుసార్లు చేసింది. అదిగో, గేటు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు నవ్వట్లేదు.

నడుస్తున్నా. ఊరికే నిలబడలేక. సందు చివరిదాకా వెళ్తా. వెళ్లి ఏం చేస్తానంటే, నాకూ తెలీదు. రోడ్డు మీద నిలబడి లారీలన్నిటికీ చెయ్యి అడ్డం పెడతానా…

…మాట్లాడుతూ ఉండు. నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండరా.

ఊఁ.

ఊఁ… మీవాడికి పళ్లొస్తున్నాయా? మంచిదే…

బామ్మర్దీ.

ఆగు. ఉంది.

ఉందిరా! ఇక్కడే ఉంది. సందు మలుపులో, మూసున్న మందులషాపు ముందు… లేదు, పడలేదు, ఏం కాలేదు. బండి ఆపి రేకుల చూరు కింద పెట్టింది. సీటు ఊడదీసి పక్కన పడేసింది. నేల మీద చతికిలపడి… అది వెనక కూర్చుని వైర్లు చూస్తోంది.

ఉండు. ఈ గోడ పట్టుకోనీ.

…లేదు, నన్ను చూడలేదు. హెల్మెట్ తీయలేదు ఇంకా, అద్దం పైకి లేపుకుంది. నేను చుట్టిన టేపంతా విప్పేసింది. పేగుల్లా వేలాడుతున్నాయి. నోట్లో ఏదో పెట్టుకుంది… వైరు. పంటితో తొక్క ఒలుస్తోంది.

అయ్యో.

…తొక్క. నేను రెండిటికే ఒలిచాను బామ్మర్దీ. మూడో దాని దగ్గర ఉండగా మీ అక్క కాఫీ అంది. తాగొచ్చి తొక్కతోనే మెలిపెట్టి టేపు చుట్టేశాను. తొక్కకి తొక్క కలిస్తే కరెంటు ఎలా పోతుంది! దానికి తెలిసిపోయింది. మలుపు దాకా వచ్చేలోపే తెలిసిపోయింది.

…ఎలా తెలిసిందో. చూసుకుని నడుపుతుందేమో. మనమే ఎప్పుడూ చూడలేదు.

…వెళ్లి ఏం చెప్పను? జరుగు, నేను చేస్తాననా? దాని చేతులు చూస్తే అడ్డం వెళ్లబుద్ధి కావట్లేదు. సూది దారం ఎక్కించినట్టు చేస్తోందిరా. నా దగ్గర మూడేళ్లు నేర్చుకున్నవాడికి కూడా ఆ వేళ్లు రాలేదు. ఈ బ్లేడు ఇంకా నా చేతిలోనే ఉంది, ఎందుకో.

చూసింది. నన్ను చూసింది.

…వైరు నోట్లోంచి తీసింది. చూస్తోంది. నేనూ చూస్తున్నా.

…ఏంటమ్మా? …ఆ. …ఆ, నేనే బిగించాను. …తెలీక. …అవునమ్మా, చెప్పాల్సింది. నిద్రపోతున్నావని…

…వెనక్కా? ఇక్కడ నిలబడాలా? సరే, నిలబడ్డా. …నొక్కు. …ఆ, వెలిగింది! …కాలిది నొక్కు. …వెలిగింది. …మళ్లీ చూడనా? …వెలిగిందమ్మా, భగ్గుమంది. …నిజంగానే. కళ్లజోడు ఉంది, పెట్టుకునే చూస్తున్నా.

…ఇండికేటర్లు అలాగే కొట్టుకుంటాయట, మీ మామయ్య చెప్పాడు. …ఆ, లైన్లోనే ఉన్నాడు. …సరే.

…జాగ్రత్త— సరే, అనను. వెళ్లు.

…ఉన్నావా బామ్మర్దీ? ఆ, వెళ్లింది. సీటు పెట్టుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయింది. అక్కడెవరో ముసలాయన ఎదురు చూస్తున్నాడట.

…తిట్టలేదు. తిడితే బాగుండు. ‘ఈ పని నువ్వా చేసింది’ అంది. ‘చెప్పొచ్చుగా’ అంది. ఆ రెండూ నాతోనే అంది, మీ అక్క పక్కన లేదు కాబట్టి కావచ్చు. క్షమించిందా అంటే నాకు తెలీదు. హెల్మెట్ అద్దం దించేసుకుంది, మొహం కనపడితే కదా.

…మా అన్నయ్య సంగతా? ఎక్కడ చెప్పను, రోడ్డు మీద? చెప్తాను. చూద్దాం. నోరు పెగలాలి కదా.

ఇప్పటికైతే పెద్ద రోడ్డు ఎక్కేసి ఉంటుంది. వాన కూడా అందుకుంది. నేనిక్కడ ఈ చూరు కింద, చెప్పుల్లేకుండా… చేసేదేముంది, నిలబడ్డమే.

…ఆ, ఒకటి అంది. వెళ్తూ వెళ్తూ ‘చేరాక ఫోన్ చేస్తా’ అంది.

…ఎవరికి చేస్తానని చెప్పలేదు. మీ అక్కకే అయ్యుంటుంది. ఎప్పుడూ తనకేగా.

…ఒకవేళ నాకే చేస్తే మాత్రం నా ఫోను బిజీ అని రాకూడదు కదా. అందుకని… పెట్టేస్తున్నా. ఏమీ అనుకోకు, పెట్టేస్తున్నా.