వాన రాని ఏడు సాల్మన్ గారు కట్టిన పాట

1918 జూన్ పదవ తేదీన, మృగశిర కార్తె జల్లులో తాము తడుస్తూ, హార్మోనియానికి మాత్రం గొంగడి కప్పి తెచ్చుకొని, శ్రీ కొలుగూరి సాల్మన్ గారు హనుమకొండలోని మన మిషన్ పాఠశాలలో సంగీతోపాధ్యాయులుగా ప్రవేశించారు. ఈ 1946 ఏప్రిల్ మాసాంతాన వారు పదవీ విరమణ చేస్తున్నారు. సరిగమలకు, ఎక్కాలకు భేదమెరుగని గణితోపాధ్యాయుడనైన నాకు ఈ వ్యాసం అప్పగించడం వీడ్కోలు సభ కార్యదర్శి గారి సాహసం.

తొలి ఏళ్లలో సాల్మన్ గారు అందరూ పాడే కీర్తనలనే నేర్పారు. 1924లో స్వయంగా వరుసలు కట్టడానికి ఉపక్రమించారు. ప్రతి తొలకరికీ పిల్లలను ధర్మసాగర్ చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, నోరు మెదపనీయక కూర్చోబెట్టి, నీటిపై చినుకులనూ, తుంగలో గాలినీ, కప్పల కచేరీనీ విన్న పిదపే హార్మోనియం తెరిచేవారు. పిల్లలకు జలుబు, తల్లులకు కోపం, మనకు ఒక కొత్త పాట దక్కేవి. రైతులు తొలి పంటను మన మిషన్ గుడికి తెచ్చే కోత పండుగనాడు ఆ పాట పాడించడం ఆనవాయితీ అయింది.

అటుపిమ్మట ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఆ ఏటి పండుగకే మిషన్ దొరలు విచ్చేయనుండటంతో, నిరుటి వాన పాటనే పాడించవలసిందని నాటి ప్రధానోపాధ్యాయులు సుందర్ రావు గారు ఆదేశించారు. సాల్మన్ గారు ఒప్పుకోలేదు.

"రాని వానను వచ్చిందని పిల్లలతోని ఎట్ల పాడిపియ్యాలె సారూ? గుడిల అబద్ధమాడినట్టయితది."

"అయితే కొలువు మీద ఆశ వదులుకోండి" అన్నారు సుందర్ రావు గారు.

సాల్మన్ గారింట నలుగురు బిడ్డలు. నాకు భయం వేసింది. "జర ఆలోచన చెయ్యి సాల్మనన్నా" అన్నాను. "ఫికర్ చెయ్యకు తమ్మీ" అని, ఎప్పటిలాగే పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరారు. ఈసారి కట్ట మీదికి కాదు, ఎండిన జొన్నచేలలోకి.

పండుగనాడు పిల్లలు పాడిన పాటలో చినుకు లేదు. ఎండుటాకుల గలగల, నడుమ నడుమ మౌనం, మళ్లీ గలగల. దొరలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుందర్ రావు గారి ముఖం కందగడ్డ అయింది. అప్పుడు వట్టి చేతులతో వచ్చినందుకు గోడవారన ఒదిగి కూర్చున్న ధర్మసాగర్ రైతు సమ్మమ్మ లేచి నిలబడింది.

"గిది మా చేను సప్పుడే సారూ! ఏం తేకుంట గుడికెట్ల పోవాలె అని సిగ్గుపడ్డ. నా చేనే నాకంటె ముందుగాల వచ్చింది" అని ఏడ్చింది. ఆమెతో పాటు గుడి సగం ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కొలువు మాట మరెవరూ ఎత్తలేదు. మరునాడు సుందర్ రావు గారే వచ్చి ఆ పాట మళ్లీ పాడించుకొని విన్నారు.

ఆ తరువాతి ఏళ్లలో వారి శిష్యులు అనేక గ్రామాల గుడులలో పాటలు నడిపించేవారయ్యారు. వీడ్కోలు సభలో ఆ కరవు పాటనే పాడతామని పిల్లలు పట్టుబట్టగా, సాల్మన్ గారు తల అడ్డంగా ఊపారు. "వద్దు బిడ్డా. నిరుడు వాన పడ్డది గద, వాన పాటనే పాడుండ్రి" అన్నారు.

సాల్మన్ గారు ఆయురారోగ్యాలతో, చెదరని వినికిడితో చిరకాలం వర్ధిల్లాలని, ప్రతి మృగశిరకూ ధర్మసాగర్ కట్ట మీద తడవాలని కోరుకుంటున్నాను. కట్టిన వారు సైతం మరచిపోయేంత కాలం, ఆ ఒక్క కరవు పాటతో ఎవరికీ పని పడకుండుగాక.