కరీమున్ పారబోసిన అన్నం

ఏంటమ్మా అన్వితా, ఎలుక మనుషుల్ని చూసినా పారిపోవట్లేదా? ఊ... దగ్గరికి పోమాక, చేత్తో అసలు ముట్టుకోమాక. ఎలుక తీరు మారిందంటే ఊరికే మారదు, ఏదో ఉంటది. ఈ మాట నాది కాదులే, కరీమున్‌ది. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయింది. పర్చూరు పక్కన పల్లెలో నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది. వాళ్ళ నాన్న మిరపకాయల గోడౌన్లో గోతాలు కుట్టేవాడట. ఈవిడ ఆ గోతాల మధ్యే, ఎలుకల మధ్యే పెరిగింది. చదువా, వేలిముద్రే! అయినా ఆమెకున్న చూపు... నేను బీఎడ్ చదివానా, ఏం లాభం. ఏం చెప్తున్నా? ఆ, ఎలుక.

ఒకరోజు పదకొండింటప్పుడు, పట్టపగలు, వంటగది ముందు ఎర్రటెండలో ఒక చిట్టెలుక. వణుకుతా, గుండ్రంగా తిరుగుతా ఉంది. మూతి నిండా చొంగ. ఎదురుగా పిల్లి కూర్చునుంటే దాని కాళ్ళ దగ్గరికే పోతోంది! టీచర్లందరూ పోగయ్యారు. "మిరపకాయ కొరికుంటదండీ" అని ఒకరు, "ముసలిదైపోయింది పాపం" అని ఇంకొకరు. కరీమున్ ముందు పిల్లిని తరిమేసింది, అది దాన్ని తినకుండా. తర్వాత గొంతుక్కూర్చుని చూసింది, చూసింది... "ముసలిదైతే నెమ్మదిగా నడుస్తది మాస్టారూ, ఇట్టా వణకదు. చెవిలో చీము పడితే తల ఓపక్కకి వాల్చి తిరుగుతది, దీని తల తిన్నగానే ఉంది. పిల్లి కొట్టిందా అంటే ఒంటి మీద గాయం లేదు. ఎలుకల మందు మనమెవరం పెట్టలేదు. ఇది తినకూడనిదేదో తినింది. తింటే గింటే మన బియ్యం కొట్లోనే తినాలి" అంది. లోపలికి పోయి చూస్తే మూడో బస్తా అడుగున కొరికిన బొక్క. పొద్దున బియ్యం తీసింది ఆ బస్తాలోనే. పొయ్యి మీద అన్నం ఉడికిపోయింది, బెల్లు కొట్టబోతున్నారు. ఒక్క క్షణం ఆగలా ఆవిడ! నూట పది మంది పిల్లల అన్నం, ఆ గుండిగని పీట మీదకి దించి, ఒక్కత్తే ఈడ్చుకుపోయి గుంటలో వంపేసింది.

నేనేం చేశానంటావు? అరిచా. పిల్లల ముందే అరిచా. "ఎలుక గంతులేసిందని పిల్లల్ని పస్తు పెడతావా, బుద్ధుందా?" అన్నా. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, "పస్తుంటే సాయంత్రం ఇంటికి పోయి తింటారు మాస్టారూ" అంది. అంతే. గొంతు కూడా పెంచలా. నాకు ఇంకా మండుకొచ్చి, "రేపట్నుంచి రావద్దు" అనేశా. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

రాత్రి నిద్ర పడితేగా? తెల్లారగానే పోయి ఆ బస్తా పట్టా మీద కుమ్మరించా. పైనంతా చూడ్డానికి మంచి బియ్యమే, కానీ చేత్తో కెలికితే వేళ్ళకి సన్నగా ఊదాపొడి అంటింది. అడుక్కొచ్చేసరికి, అమ్మాయ్, ఊదారంగు గుళికలు! మిరపతోటల్లో చల్లుతారే, ఆ గుళికల మందు. బియ్యం తెచ్చిన ట్రాక్టరు అబ్బాయిని పిలిపించి అడిగితే ఏడుపు మొహం పెట్టి, "దార్లో గోతాం చిరిగిందండీ, ట్రక్కులో పడ్డ బియ్యం ఎత్తి వేరే గోతాంలో పోసి, మిగతావి దాని పైన పోశానండీ" అన్నాడు. అంతకుముందు ట్రిప్పులో ట్రక్కు నిండా పురుగుమందులేనంట. ఆ అన్నం తినుంటే... నూట పది మంది!

అట్టాగే వాళ్ళింటికి పోయా. అరుగు మీద కూర్చుని గోతాం కుడతా ఉంది. క్షమించమని అడగబోయి, అరుగు ముందే నిలబడిపోయా. ఆవిడ నా మొహం చూసింది, సంగతి అర్థమైంది. మీరట్టా అన్నారేమని అనలేదు, నేను చెప్పానా లేదా అనలేదు. సూది గోతానికి గుచ్చి లేచి నిలబడి, "పిల్లలకి ఇవాళ ఎవరు వండుతున్నారు మాస్టారూ?" అంది...

ఆ? ఏం లేదమ్మా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చూడు.