షెకినా నాయిన సాక్ష్యం

ఏమంటున్నరు బావగారూ? ఆమెను ముందు బెంచీలకెల్లి లేపాల్నా? ఇంకో గడియల పెండ్లి పెట్టుకొని, పిలిచి కూసోబెట్టిన మనిషిని లే అనాల్నా?

జర మెల్లగ. లోపల పాటలు పాడుతుండ్రు గని, చర్చి కిటికీలన్ని తెరిచే ఉన్నయి. ఇట్ల ఎనకకు రాండ్రి. ఇక్కడ ఎవ్వరు లేరు.

నాకర్థమైంది. తెల్లచీర కట్టుకున్న మొగడు లేని మనిషి, మన కులపామె కాదు, మన చర్చామె కాదు, పెండ్లిపిల్ల తల్లి కూసునే జాగల ఎందుకు కూసున్నది అని మీ అక్కచెల్లెండ్లు అడుగుతుండ్రు. మనం గసొంటియి నమ్మం అంటం. అంటం గని, పెండ్లి పూట అన్ని యాదికొస్తయి గద? సరే, మిమ్మల్ని అంటలేను. మీరు పిల్లగాని తండ్రి. అడిగే హక్కున్నది.

ఆమె పేరు హన్మమ్మ. చిమ్కోడ్ ఊరు. ఆమె పెనిమిటి ఖండప్ప.

ఆఁ. ఆ ఖండప్పనే. రెండేండ్ల కింద నా బండి గుద్ది సచ్చిపోయిన మనిషి.

ఆమెను నేను పిలువలే. నా బిడ్డ పిలిచింది. నా ఇంటామె హేబ్సిబా సచ్చిపోయి తొమ్మిదేండ్లాయె, ఆ జాగ ఖాలీగనే ఉంచుదాం బిడ్డా అన్న. "వద్దు నాయినా, హన్మమ్మవ్వ కూసుంటది" అన్నది. ఆమె ఎట్లొస్తది, ఏ మొకం పెట్టుకొని పిలుస్తవే అంటే, "నెలకోపారి నేను పోతలేనా? ఒక్కపారి ఆమె రాదా?" అన్నది. అంతే.

గసొంటి పిల్ల బావగారూ. కన్నోన్ని గాబట్టి చెప్తలేను. హైదరాబాద్ల అంత పెద్ద దవాఖానల నర్సు కొలువు, పన్నెండు గంటలు నిలవడి పని చేస్తది. సెలవు దొరికితె సినిమాకు పోదు, షికారుకు పోదు. బస్సెక్కి చిమ్కోడ్ పోయి ఆ ముసలామె బీపీ చూసొస్తది. మీ పాల్ అదృష్టవంతుడు. ఈ మాట నేను మైకుల గూడ చెప్త.

కాదు, కాదు. ఆగుండ్రి. చెప్పాల్సింది అది కాదు.

మీరు ఈ సంబంధం ఎందుకు కలుపుకున్నరో నాకు తెలుసు. ఔరాద్ల మీ ఇంట్ల చాయ్ తాక్కుంట మీరే అన్నరు. "జీవరాజ్ జైలుకు పోయొచ్చిండని మస్తుమంది చెప్పిండ్రు. గని గుద్దినంక ఎనకకు తిరిగొచ్చిన మనిషి లక్షల ఒక్కడుంటడు. అసొంటోని బిడ్డ మా ఇంటికి రావాలె" అన్నరు. అనలేదా? నేను తలకాయ ఒంచుకొని కూసున్న. సిగ్గరి అనుకున్నరు మీరు.

ఇనుండ్రి. పది నిమిషాలు. ఇన్నంక పెండ్లి ఆపుతరో నడిపిస్తరో మీ ఇష్టం.

శంషాబాద్ కాడ కొత్త ఏర్‌పోర్టు పడ్డ యాడాది అది. నా సుమోకు ఊపిరాడని గిరాకి. ఇవ్వాల దుబాయ్ పోయెటోళ్లు, రేపు సౌదికెల్లి వచ్చెటోళ్లు. ఒక దినం ఏర్‌పోర్టుకెల్లి మన్నాఏఖేళ్ళి సవారి దొరికింది. షెకినాకు గూడ సెలవుండె. దాన్ని ఎక్కించుకున్న. మన్నాఏఖేళ్ళిల సవారిని దింపి ఇంటికని బీదర్ దిక్కు మల్లినం. పొద్దు గూకుతాంది. రెండు రాత్రుల సంది నిద్ర లేదు నాకు.

సొప్పకట్ట నెత్తి మీద పెట్టుకొని సడక్ దాటుతుండు ఆయన. కట్ట కనవడ్డది నాకు. కట్ట కింద మనిషి కనవడలే.

సప్పుడైంది.

నేను ఆపలే బావగారూ.

అవును. ఆపలే. "నాయినా, మనిషి" అన్నది షెకినా. మేక అన్న. "మనిషి నాయినా, చెయ్యి చూసిన, ఆపు" అన్నది. ఊరోళ్లు చూస్తె సంపుతరే, నోరు మూసుకొని కూసో అన్న. తొక్కుతున్న. అది తలుపు తెరిచింది. ఉరుకుతున్న బండి తలుపు! ఒక కాలు బయట పెట్టింది. భయపడి బ్రేకు కొట్టిన.

దిగింది. నా దిక్కు గూడ చూడలే. ఎనకకు ఉరికింది.

అప్పుడన్న నేను తిప్పి ఉంటే ఎంత బాగుండు! చర్చిల నేను చెప్పింది గదే గద. "దేవుడు నా చెయ్యి పట్టి బండి తిప్పిండు" అని. మంది ఏడ్చిండ్రు. పాస్టరయ్య నన్ను కావలిచ్చుకున్నడు.

తిప్పలే. గేరేసి ముందుకే పోయిన. పెండ్లీడుకొచ్చిన ఆడివిల్లను సందెపూట సడక్ మీద ఇడిసిపెట్టి ఇంటికి పోయిన.

ఫోను మోగింది. షెకినా. ఎత్తలే. మల్ల మోగింది. ఎందుకు ఎల్లిపోయినవని తిడుతదనుకున్న. ఏడు పార్లు మోగింది బావగారూ. పక్క సీటు మీద ఎలుగుకుంట, ఆరుకుంట. ఏడోది ఆగినంక ఇంక రాలే. ఇంటికొచ్చి బంపరు కడిగిన.

తెల్లారి వచ్చింది. బట్టలన్ని రగుతం ఎండిపోయి ఉన్నయి. ఒక చెరుకు ట్రాక్టరు ఆపి ఎక్కించి దవాఖానకు తీస్కపోయిందట. తొవ్వ పొడుగున ఆయన తలకాయ దీని ఒళ్లెనే. పెండ్లాం పేరు, ఊరి పేరు చెప్పిండట. చెప్పి, దవాఖాన గేటు కాడ పోయిండు.

షెకినా పొయ్యి ముట్టిచ్చింది. నీళ్లు కాగబెట్టి, "తానం చెయ్యి నాయినా. స్టేషన్‌కు పోదాం. నేను గూడ వస్త" అన్నది.

పోయిన. గుద్దిన అని ఒప్పుకున్న. ఎల్లిపోయిన సంగతి గూడ ఆ పోలీసు కాయిదాలల్ల ఉన్నది. గని కాయిదాలు కన్నడల ఉంటయి, ఎవ్వరు సదువుతరు? మనోళ్లు నా నోటి మాటనే ఇన్నరు. ఆరు నెలల సజా అయి బయటికొచ్చిన ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పిన. షెకినా మూడో వరసల కూసొని ఇన్నది. ఇంటికొచ్చి బువ్వ వడ్డించింది. అరిచి తిట్టినా బాగుండు!

పాల్‌కు? తెల్వదు. మొన్ననే అడిగిన, చెప్పినవా బిడ్డా అని. "అది నా నోట్లకెల్లి రావాల్సిన మాట కాదు నాయినా" అన్నది.

హన్మమ్మకా? మొదటి సంది తెలుసు. బండి ఆగలే అని ఖండప్ప ట్రాక్టర్ల అన్నడట, ట్రాక్టరాయన పోయి ఆమెకు చెప్పిండు. ఆమె నన్ను ఎన్నడు ఏమనలే. నాతోని మాట్లాడదు గూడ. "పిల్ల ఎనకకొచ్చింది" అంటదట, అంతే.

ఇంకోటున్నది. ఇది నా బిడ్డకు గూడ తెలుసని నాకు తెలుసు, మేమిద్దరం ఎన్నడు అనుకోలే. ట్రాక్టరు దొరికెదాక ముప్పావు గంట పట్టింది. ఎన్ని బండ్లకు చెయ్యి అడ్డం పెట్టినా ఒక్కటి ఆగలే. కోర్టుల డాక్టరు అన్నడు, అరగంట ముందు తెస్తె బతుకుతుండె అని. ఆ ఏడు ఫోన్లు నన్ను తిట్టనీకి కాదు బావగారూ. బండి తెమ్మనీకి.

నేను గుద్దినందుకు సావలే ఆయన. నేను ఎల్లిపోయినందుకు సచ్చిండు.

జర గోడకు ఒరుగుత.

ఏమన్నా అనుండ్రి. తిట్టుండ్రి. నన్ను తిట్టుండ్రి గని పిల్లను వద్దనకుండ్రి. నా గుణం దానికి రాలే. తల్లిది వచ్చింది.

ఏమన్నరు? మల్ల చెప్పుండ్రి.

పెండ్లి ఆగదా! దేవుని దయ బావగారూ, మీ...

ఆఁ? ఎవ్వరికి చెప్పొద్దా?

పాల్‌కు గూడ? మీ ఇంటామెకు గూడ? మన ఇద్దరి నడుమనే ఉండాల్నా? నలుగుర్ల పరువు పోతదంటరా?

నవ్వుతున్నందుకు ఏమనుకోకుండ్రి. పరువు. ఆ పొద్దు స్టీరింగు పట్టుకొని నేను గూడ గిదే మాట అనుకున్న. మీరు చెడ్డోళ్లు కాదు. నేను గూడ కాదేమో. మనసొంటోళ్లం సడక్ నిండ ఉన్నం, ఆ ముప్పావు గంటల పోయిన బండ్లన్ని మనయే.

చెయ్యి ఇడువుండ్రి. మాట ఇయ్యను. చర్చిల చెప్పిన అబద్దమే ఇంక మోస్తున్న.

పాల్ గుమ్మం కాడ నిలవడ్డడు, మీరు ఎటు పోయిండ్రా అని చూస్తుండు. పోయి చెప్పొస్త. ఏమైతదంటరా? నాకేం తెల్సు? నా బిడ్డకు గూడ తెల్వకుండె, ఆ దినం బండి తలుపు తెరిచిననాడు.