గద్వాలోడేనన్న రుజువు

సాయంత్రం ఐదుంబావుకు అనంతయ్య మగ్గం గుంటలోంచి లేచి, అరుగు మీదికొచ్చి బీడీ ముట్టించాడు. 1941, గద్వాల. అతని కొడుకు కురుమూర్తి ఉర్దూ మిడిల్ పాసై కచేరిలో గుమాస్తా కొలువుకు అర్జీ పెట్టుకున్నాడు. నిజాం రాజ్యంలో సర్కారు కొలువు కావాలంటే ముల్కీ సర్టిఫికెట్, అంటే ఈ నేలవాడేనన్న రుజువు, చూపాలి. దానికి ఇద్దరు సాక్షులుండాలి. ఒక్కరే వచ్చి చెప్పారు. గడువు రేపటితో సరి.

అరుగు మీద చీరల బేరగాడు దశరథం అప్పటికే కబుర్లు అందుకున్నాడు.

"నిరుడు పట్నంల చీరలమ్మ పోయిన గద, ఓ పెద్ద కచేరి కనబడ్డది, జర చూద్దమని లోపల్కి పోతే ఎవన్నడిగినా లక్నో అంటడు, అలీగఢ్ అంటడు, పాలమూరోడు ఒక్కడు లేడు, నాకు మండింది, సీదా పెద్దసాబు ముంగట నిలబడ్డ, సలాం గూడ కొట్టలే."

"కొట్టలేదా?" అన్నాడు జట్కా ఎల్లన్న.

"నేనెందుకు కొడ్త? సాబే లేసి కొట్టిండు. గప్పుడేమైందో ఎర్కేనా? మన గద్వాల చీర పరిచిన. సాబ్, అంచు పట్టు, నడుమ నూలు, రెండూ పోగుకు పోగు కలిపితేనే చీరైతది, మీరు అంచొక్కటే చుట్టుకొని తిరుగుతున్నరు, మేం లేకుంటే ఏం కప్పుకుంటరన్న. సాబు సిగ్గుతోని కుర్చీ కింద దూరిండు."

"మరి కొలువులేమాయె, బావా?" అనంతయ్య నవ్వకుండానే అడిగాడు.

"ఆడికే వస్తున్న. నక్షా తెప్పిచ్చి ఊరూరికీ నేనే పంచిన. తెలకపల్లికి తాసీల్దారు, కోడేరుకు ఇద్దరు జడ్జీలు. అమ్రాబాదుల మనుషులు సరిపోక పులికి చౌకీదారు కొలువిచ్చిన, జీతం నెలకో మేక. పైనుంచొచ్చినోళ్లంత రైలుకెగబడితే డబ్బాలు చాలక ఇంజను మీద కూసున్నరు. ఆఖరికి సాబు నా కాళ్లు పట్టుకొని, గద్వాలల నాకేదన్న చిన్న కొలువు ఇప్పియ్యన్నా అన్నడు."

"ఇచ్చినవా?"

"ఎట్లిస్త? ముల్కీవేనా నువ్వు, ఇద్దరు సాక్షుల్ని తే పో అన్న."

గడపలో కండెలు చుడుతున్న అనంతయ్య భార్య బాలనాగమ్మ తలెత్తింది.

"మా పిల్లగానికి రెండో సాక్షివి నువ్వే గద, అన్నా. మొన్న కచేరి మెట్లకాడ జవాను చెప్పులిడువుమంటే ఇడిస్తివి. అవి చేతుల పట్టుకొని అట్లనే ఇంటికొస్తివి. పిల్లగాడు పొద్దుగూకేదాక ఆడనే నిలబడ్డడు."

దశరథం తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేపు పోత."

"జవాను కసిరితే?"

"కసరనియ్యి."

పోయాడు. ఎండలో వట్టికాళ్లతో నిలబడి, కురుమూర్తి తాతల నాటి నుంచీ గద్వాలవాడేనని చెప్పి వచ్చాడు. సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఆ తర్వాతి వారం తెలిసింది. గుమాస్తా కొలువు లక్నో మనిషికి ఇచ్చారు. పదిహేనేళ్లుగా గద్వాలలోనే ఉంటున్నట్టు అతని దగ్గరా సర్టిఫికెట్ ఉంది. కొలువులో చేరడానికి మొన్న స్టేషన్లో దిగి, ఊరు ఎటువైపని అతను అడిగింది జట్కా ఎల్లన్ననే.