రఘునాథ్ సారు ట్యాబ్ పట్టిన దొంగ

వడమాలపేట బస్టాండు పక్కన చంద్రకాంతమ్మ టీ కొట్లో రఘునాథ్ సారు గొంతు సవరించుకున్నాడు. గూడూరు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మాస్టరు. బెంచీ చివర వరదయ్య కూర్చున్నాడు. ఆయన మనవరాలు పవిత్ర మంగళవారం నుంచి బడికి పోనని మొండికేసింది. ఎందుకో చెప్పదు. సారునే అడుగుదామని వచ్చాడు గానీ, ఆయన మాట్లాడే సందు ఇస్తే కదా!

“బడికిచ్చిన ట్యాబ్ అంటే ఏమనుకున్నారబ్బా? మొదట దానికి ఒక అరవ పాట వినిపించినా. టకీమని తెలుగులో రాసేసింది. అంతేనా? మా క్లాసులో అరవం పిలకాయలుండారు, ఉర్దూ పిలకాయలుండారు, ఎరుకల పిలకాయలుండారు. పొద్దున ఏడు భాషలు ఎక్కించినా, మధ్యాహ్నం అన్నాలకు గంట కొట్టేసరికి అదే నా తెలుగులో తప్పులు దిద్దతా ఉండాది!”

“ఏడే?” అంది చంద్రకాంతమ్మ టీ వడగడుతూ.

“ఎనిమిదోది కాకిభాష. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ మీద కాకి కావుమంటే ‘సాంబారులో ఉప్పు లేదు’ అని రాసింది. రుచి చూస్తే నిజంగానే లేదు!”

వరదయ్యకు తికమకగా ఉంది. అబద్ధమందామంటే చదువు చెప్పే మనిషి. నిజమందామంటే కాకి.

“అదట్లుంచండి. సోమవారం ఒక పాప, ఎప్పుడూ నోరు తెరవదు, ఎందుకో కళ్ళనీళ్ళు పెట్టుకోనుండాది. ట్యాబ్ ముందర పెట్టి ఏమైందమ్మా అన్నా. ఒక్క మాట అనింది. ట్యాబ్‌లో ‘తన్ని’ అని పడింది. ఎవురు తన్నిందంటే నీళ్ళకుండ పక్క చెయ్యి చూపించింది. ఆడ రూపేష్ గాడు నిలబడుండాడు! దొంగ దొరికిపోయినాడు, సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టినా. తిరుపతి నుంచి పోలీసోళ్ళు జీపేసుకోనొచ్చి, మా కుక్కల్ని ఇంటికి పంపించేస్తాం, ఆ ట్యాబ్ ఇయ్యి సామీ అని కాళ్ళు పట్టుకున్నారు!”

కొట్టంతా నవ్వింది. వరదయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

“సారూ, ఆ పాప పవిత్రనా?”

“అవును. నీకెట్ల తెలుసు పెద్దాయనా?”

“నా మనవరాలు. మా కోడలిది తిరుత్తణి, ఇంట్లో పిల్లతో అరవమే. అరవంలో తణ్ణి అంటే నీళ్ళు సారూ. దప్పికై కుండ చూపించినాది. తనవల్ల ఆ పిలకాయ ఎండలో నిలబడినాడనే కాబోలు, ఇంట్లో మూల కూర్చోనుండాది.”

రఘునాథ్ సారు చెవులు ఎర్రబడ్డాయి.

“ట్యాబ్ తెలుగులో మాత్రమే వింటా ఉన్నిందేమో...” అన్నాడు చాలా చిన్నగా. ఆ వెంటనే, “మరి ఆకలంటే ఏమంటారు?”

“పసి.”

“పసిబిడ్డా?” అన్నాడు సారు అయోమయంగా.

వరదయ్య లేచి కండువా దులిపాడు. “రేపు పిల్లతోపాటు నేనూ వస్తా సారూ. ఆ ట్యాబ్ పక్కన నన్నుగూడా కూర్చోబెట్టుకో.”